గురమ్మ వేసిన ఓటు

కళింగపట్నం పక్క పేటలో గురమ్మ నోటికి జడవనివాడు లేడు. అంతటి గురమ్మా గంగరాజు ముందు మాత్రం నోరు కట్టేసుకునేది. పడవా, ఒడ్డు నుంచి తాడు పట్టి లాగే అలివి వలా ఆయనవి మరి. పడ్డ చేపలో సగం ఆయనకే పోయేది; మిగతా సగం లాగినవాళ్లంతా పంచుకునేవారు. మొగుణ్ణి సముద్రం మింగాక అతని చోట తాడు పట్టి, వచ్చిన వాటాతో పిల్లల్ని సాకుతోంది గురమ్మ. ఆ తాడు పోతే వాళ్లకు గంజి కూడా లేదు.

అరవై ఏడు ఎన్నికలకు ముందు గంగరాజు అందరిచేతా వల మీద చెయ్యి వేయించి, తన పార్టీకే ఓటు వేస్తామని గంగమ్మ తల్లి మీద ఒట్టు పెట్టించాడు. ఎదుటి పార్టీ వాడూ పడవలున్న ఆసామే. మూడోవాడొకడు, నౌపడ ఉప్పు మడుల్లో కూలి చేసినవాడు, సైకిలు గుర్తు మీద నిలబడి ఒడ్డుకొచ్చాడు. "లాగినోడికి గుప్పెడు, కూకున్నోడికి గంపెడు. ఇదేటి నాయం?" అని అడిగి పోయాడు. ఆ మాట గురమ్మను వదల్లేదు. ఒట్టు తీసి గట్టున పెట్టి, సైకిలు మీద గుద్దేసి వచ్చింది. తల్లి కన్నెర్ర చేస్తుందేమోనని ఓ కోడిని మొక్కుకుంది కూడా.

సైకిలుకు డిపాజిట్టయినా దక్కలేదు. అంతటితో పోతే బాగుండును. ఆ రోజుల్లో ఏ ఊరి పెట్టె ఆ ఊరిదిగానే లెక్కపెట్టేవారు; ఏ ఊళ్లో ఎవరికెన్ని పడ్డాయో తెలిసిపోయేది. లెక్కింపు మర్నాడు వల సగం ఒడ్డుకొచ్చాక గంగరాజు వచ్చాడు. తన కోసమే అనుకుంది గురమ్మ. ఆయన నేరుగా వెళ్లి ఆమె మరిది లక్ష్ముడి ముందు ఆగాడు. ఆ మూడోవాడు మంచినీళ్లు తాగింది లక్ష్ముడి ఇంట్లోనే.

"ఒరే, సైకిలికి గుద్దింది నువ్వే. తాడొగ్గీ. మరి ఈ వల జోలికి రాకు."

లక్ష్ముడు తల వంచుకున్నాడు. అతని పెళ్లాం నిండు నెలలతో ఉంది. గురమ్మ తప్పు మరిది నెత్తిన పడుతోంది. పిల్లలు కళ్లలో మెదిలారు. అయినా ఉండబట్టలేకపోయింది.

"ఆడ్నేటి అంతావు మావా? నానే గుద్దినాను. నన్ను పొమ్మను."

గంగరాజు ఆమెను ఎగాదిగా చూశాడు. "నీదొక్కటే అయితే ఇంత ఎండలో నానెందుకొస్తానే? మన పెట్టిలో సైకిలికి నలభై పడ్డాయి!"

గురమ్మ వెనక్కి తిరిగి చూసింది. తాడు పొడుగునా ఒక్కరూ తలెత్తలేదు. ఒక్కరూ తాడు వదల్లేదు. గంగరాజు ఒక్కో మొహమే వెతుక్కుంటూ ఆ చివరిదాకా నడిచాడు. ఎవరినని పొమ్మంటాడు? అందరినీ పంపేస్తే వల లాగేదెవరు? అలల్లో అది బరువుగా వెనక్కి గుంజుతోంది.

"సూస్తారేటి? లాగండి!" అని అరిచాడు.