అగరోజ్ ముక్కలు, కొత్తిమీర బకెట్లు

ప్రొద్దుటూరులో మా డిగ్రీ కాలేజీ ల్యాబుకు అగరోజ్ పొడి తెప్పించడానికి మూడేళ్ల కిందట ప్రిన్సిపాల్‌తో నెలంతా కొట్లాడాను. ఆ తెల్లపొడిని బఫర్ ద్రావణంలో మరిగించి, కాస్త చల్లారాక రంగుమందు కలిపి ట్రేలో పోస్తే అరగంటలో తాటిముంజలాంటి జెల్‌గా గడ్డకడుతుంది. అందులో డీఎన్‌ఏ గీతలు కనబడాలంటే ఆ రంగుమందు ఉండాలి. అది మన జన్యువుల్ని కూడా చెడగొట్టగలదు. అందుకే గ్లౌజులు లేకుండా వచ్చిన విద్యార్థిని గుమ్మంలోంచే తరిమేస్తాను. ట్రేలు కడిగే అటెండరక్కతో మాత్రం "ఆ రంగు సీసా ముట్టుకోవద్దు" అన్నానంతే. ఎందుకో చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా!

ఈ వేసవి ప్రాక్టికల్స్‌కు పులివెందుల నుంచి వచ్చిన ఎగ్జామినర్, "వాడేసిన జెల్ ముక్కలు యాడ పడేస్తాండారు మేడం?" అని అడిగాడు. వాటి కోసమే మూలన పెట్టించిన ఎర్రడబ్బా మూత ధీమాగా తీశాను. ఖాళీ. అడుగున దుమ్ము.

ఆయన వెళ్లాక అక్కను నిలదీశాను.

"పారేసేదేంది మేడం, ఇంటికి తీసకపోతాండా. సీసా ముట్టుకోలేదు, ఒట్టు. కొత్తిమీర బకెట్లలో మట్టి కింద పరిస్తే నీళ్లు శానాసేపు పట్టుకుంటాది. మా కాలనీలో కొళాయి వచ్చేది రెండ్రోజులకొకసారి గదా."

కొండాపురం దగ్గర వాళ్ల ఊరు గండికోట రిజర్వాయరులో మునిగింది. జమ్మలమడుగు పక్కన ఇచ్చిన కాలనీలో పలుగు దిగని నేల. అందుకే పెయింటు బకెట్లలో పెంచుతుంది.

"ఎన్నాళ్లుగా?"

"రెండేండ్లాయె. మీరూ తింటిరి గదా పచ్చడి! కూతురు కాన్పుకొచ్చింది, ఏడో నెల. దానికీ అదే కావాల."

అప్పుడు చెప్పాను, రంగుమందు ఏమిటో, కడుపులో బిడ్డకు ఏం కావచ్చో. అవుతుందని కాదు, కాదని చెప్పే ధైర్యమూ నాకు లేదని.

అక్క నా చేతుల గ్లౌజుల వైపు చూసింది.

"ప్రిన్సిపాల్ సారు మీదికి పోతావు. నాకీ ఒక్క మాట చెప్పేకి నోరు రాలేదా నీకు?"

ఆ సాయంత్రం ఆమెతోపాటే జమ్మలమడుగు బస్సెక్కాను. ఇద్దరం బకెట్లను వరండా చివరికి లాగి, గ్లౌజులతో మొక్కలు పీకి, మట్టితో సహా సంచుల్లోకి ఎత్తాం. పొట్ట పట్టుకుని కూతురు గడపలోకి వచ్చింది.

"ఏందిమా, పచ్చగుండేటివన్నీ పీకుతాండారు?"

అక్క తలెత్తలేదు.

"మేడం చెప్తాది, విను."