ఆఖరాయనకు నేనిచ్చిన తీర్పు

ఆ రోజుల్లో, అంటే నాకు ఒంట్లో సత్తువ, నోట్లో దూకుడు దండిగా ఉన్న రోజుల్లో, ఇంగ్లండులోని ఈ కోవెంట్రీ ఊరు మొత్తంలో బంతి మంచిచెడ్డలు తేల్చగల తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. (నిజానికి ఇది మూడేళ్ల కిందటి మాట. నాకప్పుడు అరవై ఆరు. ఇప్పటి మోకాళ్లతో పోలిస్తే అది పడుచుతనమే.) కాలేజీలో నేను ఫాస్ట్ బౌలర్నని, ఒకే బంతికి రెండు స్టంపులు విరగ్గొట్టానని అప్పటికే మా అల్లుడి స్నేహితులందరికీ చెప్పేసి ఉన్నాను.

మా అల్లుడిది ఆదివారాల బేస్‌బాల్ జట్టు. అందరూ చేతి డబ్బు పెట్టుకుని ఆడేవారు, ఒక్కడు తప్ప. అతను గ్లాస్గో మనిషి. ఆట చివర్లో మాత్రం వచ్చి నాలుగు బంతులు విసిరి, గెలుపు చేజారకుండా కాపాడి వెళ్లేవాడు. అందుకు అతనికి దండిగా ఫీజు, రైలు టికెట్టు, హోటల్ గది. మిగతా ఆటంతా బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నమిలేవాడు. కుర్రాళ్లు అతనికి 'ఆఖరాయన' అని పేరు పెట్టారు.

"కూర్చోడానికి అంత ఇవ్వాలా అంకుల్? నాకిస్తే రోజంతా కూర్చుంటా," అన్నాడొకడు.

ఒక ఆదివారం, ఆట అయ్యాక అతన్ని ఉంచాలో పంపాలో తేల్చుకోవాలి. "మామయ్యగారూ, మీరు బౌలర్ కదా. మీ మాటే ఫైనల్," అన్నాడు అల్లుడు. ఒక మనిషి కొలువు నా నోట్లో ఉంది! మీసం దువ్వుకున్నాను.

ఆట ముగింపుకొస్తుంటే ఆఖరాయన లేచి, చేయి వేడెక్కించుకోవడానికి పక్కకు వెళ్లాడు. ఎదురుగా మనిషి కావాలని నా చేతికి బ్యాటు, తలకు హెల్మెట్టు ఇచ్చాడు. మొదటి బంతి నేరుగా నా ఛాతీకేసి వచ్చి, దగ్గరకొచ్చాక ఏదో గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగి కిందికి దిగిపోయింది. రెండోదాన్ని నేను బలంగా కొట్టాను. (కొట్టలేదు. బ్యాటు కదిలితే ఒట్టు. మూడోదానికి కళ్లు కూడా మూసుకున్నాను. వెనక బంతి పట్టేవాడి గ్లవ్‌లో పడ్డ చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.)

తర్వాత అతను మైదానంలోకి నడిచాడు. మా ఆధిక్యం ఒక్క పరుగే, అవతలివాళ్లు ఇద్దరు పరుగుకు సిద్ధంగా నిలబడి ఉన్నారు. అతను చేయి ప్యాంటుకు తుడుచుకుని విసిరాడు. ముగ్గురు బ్యాటుతో వచ్చారు, ముగ్గురూ గాలిని కొట్టి వెళ్లారు. ముగ్గురూ అవుటు, ఆట మాది. అతను వచ్చి మళ్లీ గింజల పొట్లం విప్పాడు.

"చెప్పండి మామయ్యగారూ, ఉంచుదామా?"

నా నోరు ఎందుకో అబద్ధానికి తిరగలేదు. "అల్లుడూ, నేను బౌలర్ని కాదు. కాలేజీ మూడేళ్లూ పన్నెండోవాణ్ణే. బెంచీ మీదే నా చదువంతా."

"మరి స్టంపులు?"

"చెదలు పట్టాయి. మోస్తుంటే విరిగాయి."

అందరూ విరగబడి నవ్వారు. "ఆ మూడేళ్లలో నన్ను ఒక్కసారే పిలిచారు. అప్పుడు నేను సోడాబండి దగ్గరున్నాను. ఈయన ఇంతసేపు కూర్చుని, పిలవగానే ఇలా లేచాడు చూశారా? అదెంత కష్టమో నాకు తెలుసు. ఉంచండి."

ఉంచారు. వెళ్తూ వెళ్తూ అతను నా దోసిట్లో గింజలు పోశాడు. ఇప్పటికీ ఆదివారం ఆటకు వెళ్తే బెంచీ మీద కూర్చుని అవే నములుతుంటాను. దాహం వేసినా లేవను. పిలుస్తారేమోనని.