మధ్యాహ్నం తిన్నగా వచ్చే గీత

బడి చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో సూపర్‌వైజరు ఎవరని కొత్తవాళ్ళు అడిగితే ఆవిడను వేలు పెట్టి చూపించాల్సి వచ్చేది. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. పదమూడేళ్ళ కిందట, కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించే పనికి వచ్చింది. ఇప్పుడు పద్దెనిమిది మిషన్లూ ఒక కటింగు బల్లా ఆవిడ చేతి కింద ఉన్నాయి. ఆ బల్ల దగ్గరి మాస్టారు మాత్రం ఇప్పటికీ "ఏమే, దారాలపిల్లా" అనే పిలిచేవాడు. గుడ్డ పరచడం, సుద్దతో గీయడం, కోయడం అన్నీ నేర్పినవాడాయనే. అందుకని ఆ పిలుపు ఆవిడకు తప్పనిపించలేదు.

నలభై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, పై పొర మీద సుద్దతో గీసి, నిలువు కత్తి మిషనుతో ఒకేసారి కోస్తారు. గీత తప్పితే నలభై చొక్కాలు పాడు. చెయ్యి తప్పితే వేళ్ళు పోతాయి.

వానలు మొదలైనప్పటి నుంచి మాస్టారి గీతలు పొద్దున్నపూట వణకడం ఆవిడ కంటపడింది. చంక వంపు దగ్గరికి వచ్చేసరికి సుద్ద చెదిరేది. భోజనాలయ్యాక అదే చెయ్యి తిన్నగా గీసేది.

"షుగరేమో మాస్టారూ. పొద్దున ఏమన్నా తినొస్తున్నారా?"

"తినకపోతే మీ అత్తయ్య ఊరుకుంటుందా?"

ఆవిడ ఆలోచించి పని వేళలు మార్చింది. పొద్దున గుడ్డ పరవడం, మధ్యాహ్నం గీతా కోతా. మూడు వారాలు ఒక్క చొక్కా పాడవలేదు. లోలోపల కాస్త మురిసిపోయింది కూడా.

ఆ మురిపెం పోగొట్టింది గుండీల మిషను మీద కూర్చునే పిన్ని.

"నీ మాస్టారు భోజనానికి ఇంటికి పోతాడనుకుంటున్నావా?"

"పోరా?"

"గుడ్డ తానులు పెట్టే గదిలోకి పోతాడు. గుప్పెడు పిప్పరమెంట్లు నములుతూ బయటికొస్తాడు. నా మొగుడితో పదేళ్ళు వేగాను పిచ్చిపిల్లా, నాకు తెలీదా? చుక్క పడకపోతే చెయ్యి వణుకుతుంది, పడితే నిలబడుతుంది."

ఆవిడకు అప్పుడు అర్థమైంది. తాగని పూట గుడ్డ పరిపించి, తాగిన పూట చేతికి కత్తి ఇస్తున్నది తనేనన్నమాట.

అప్పటికే మాస్టారు బల్ల దగ్గర ఎడమ చేతికి ఇనుప జాలీ తొడుగు వేసుకుంటున్నాడు. ఆవిడ వెళ్ళి మిషను ప్లగ్గు పీకేసింది.

"ఈ పూట కోత లేదు మాస్టారూ. ఒకసారి ఇలా రండి."

తానుల గదిలో తలుపు దగ్గరగా వేసింది. తాగారా అని అడిగితే లేదంటాడు. అందుకే చూసింది మాత్రమే చెప్పాలనుకుంది.

"రెండు నెలలుగా పొద్దున మీ గీత వణుకుతోంది. భోజనాలయ్యాక వణకడం లేదు. అది షుగరు కాదు."

మాస్టారు అంతెత్తున లేచాడు.

"ఎవరు మోశారు నీకు? ఆ గుండీలదేనా? నేర్పినవాణ్ణే తనిఖీ చేస్తావా? పో, ఓనరుకు చెప్పి నా ఉద్యోగం ఊడబెరికించు!"

"చెప్తాను. మీరు మిషను ముట్టుకోరని చెప్తాను. ఎందుకని అడిగితే అబద్ధం ఆడను. తీసేద్దామంటే మాత్రం ఒప్పుకోను. గుడ్డ పరవండి, కట్టలకు అంకెలు వెయ్యండి. డాక్టరు సరేనన్నాకే కత్తి."

"మరి కోసేదెవరు? నువ్వా?"

"నేనే."

"నత్తలా కోస్తావు నువ్వు."

"కోస్తే కోశాను. వేళ్ళు పదీ ఉంటాయి."

బయట మిషన్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి. మాస్టారు ఒక గుడ్డ తాను మీద కూలబడ్డాడు. తొడుగు ఇంకా చేతికే ఉంది.

"మీ అత్తయ్యకు తెలీదు" అన్నాడు చివరికి.

"ఆవిడకు తెలీకుండా ఉంటుందా?"

"ఉండదులే" అంటూ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నేనూ వస్తాను డాక్టరు దగ్గరికి. రేపు మధ్యాహ్నం వెళ్దామా?"

మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

"మధ్యాహ్నం నన్ను చూస్తే ఆయనకేం తెలుస్తుంది? రాయిలా ఉన్నావు పొమ్మంటాడు. పొద్దున్నే పోదాం. వణికేటప్పుడే చూడాలి."

ఆవిడ బయటికొచ్చి, రేపు కటింగు బల్ల దగ్గర పని ఆలస్యంగా మొదలవుతుందని అందరికీ చెప్పింది. ఎందుకని పిన్ని కూడా అడగలేదు. తర్వాత వెళ్ళి ఓనరు గది తలుపు తట్టింది. ఆయన అంతా విన్నాడు.

"ఇంత గొడవెందుకు? తీసేస్తే పోలా?"

"పోదండీ" అంది.

కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆయన సరేననేదాకా అక్కడే నిలబడింది.