ఊర్లను మింగిన ప్లస్ గుర్తు

ఒక్క పూటల ఊర్లకు ఊర్లనే మాయం చేసిన మనిషిని ఎన్నడన్న చూసిండ్రా? చూడకుంటే ఇప్పుడు చూడుండ్రి, నేనే.

మాది వికారాబాద్. అప్పుడే కంప్యూటర్ చదువు అయింది, కాళ్లు భూమ్మీద లేవు. తాండూర్ల మా మేనత్తకు కందిపప్పు మిల్లుంది. రైతులు ఫోన్ల పేరు, కొన్ని చుక్కలు, చివర్ల ఊరు రాసి పంపిస్తే, ఊరిని పట్టుకొని వంతు ఇచ్చే ప్రోగ్రాం రాసిన. "మొగులైంది బిడ్డా, వానకు ముందే కందులన్నీ షెడ్డుల పడాలె" అన్నది అత్త. ఫికర్ చెయ్యకు అత్తా అని చెప్పిన.

అక్షరాల జాడ పట్టే సూత్రాన్ని రెజెక్స్ అంటరు. అండ్ల ప్లస్ గుర్తున్న ముక్క దొరికినన్ని అక్షరాలను పట్టుకుంటది. ప్యాసింజర్ రైల్ల ఒకాయన బెంచి మొత్తం పరుచుకొని కూసుంటడు గదా, ఎనకొచ్చినోళ్లు జర జరుగమంటే ఇంతింత జరుగుతడు. గదే బ్యాక్‌ట్రాకింగ్. పక్కన ఇంకో ప్లస్ గుర్తు తగిలిస్తే గాయనే మొండికేస్తడు, మొగులు ఊడిపడ్డా జరగడు.

కుల్కచర్ల తాత ఒకాయన ఊరు ముందే రాసి, ఎనక ఫోన్ నిండ చుక్కలు కొట్టిండు. చివర్ల ఊరు లేదాయె. నా ప్రోగ్రాం చుక్కల్ని గిట్ల గుంపులు చేసి చూసె, గట్ల చేసి చూసె, మళ్ల ఎనక్కొచ్చి ఇంకో తీరు చూసె. కంప్యూటర్ పెనం తీరు కాగింది గని జవాబు లేదు. గేటు ముందర ట్రాక్టర్లు నిలవడ్డయి. ఏమైందని అత్త అడిగితే, ఎతుకుతున్నదని చెప్పిన.

చుక్కల ముక్క మీద ఇంకొక్క ప్లస్ పెడితే సరిపోతుండె. నేను అన్నిటి మీద పెట్టిన, పేరు కోసం మొదట్ల పెట్టిన 'ఏ అక్షరమైనా సరే' అన్న ముక్క మీద గూడ. గది పేరు, చుక్కలు, ఊరు అన్నీ మింగి కూసున్నది, ఒక్క అక్షరం గూడ ఇడువలే. ప్లస్సులెక్కువైతే ప్రోగ్రాం పల్చన. ఉరుకుడైతే మస్తు ఉరికింది, అందరికీ ఒకటే జవాబు పంపింది: "మీ ఊరు దొరకలేదు."

ధారూరోళ్లు ఫోన్ల తిట్టిండ్రు. ఎవరి వంతు ఎప్పుడో ఎవరికీ తెల్వది. చినుకులు మొదలైనయి. అత్తా నేను బస్తాలు గుంజుతున్నం, నాకు ఏడుపే తక్కువ. గప్పుడే ట్రాలీ నిండ మనుషులతోని కుల్కచర్ల తాత దిగిండు.

"ఊరు దొరకలేదన్నవట బిడ్డా. తెచ్చిన, చూసుకో."

గా ఊరే గేటు కాడి బస్తాలన్నిటిని షెడ్డుల ఏసింది. ఒక్క గింజ తడవలే. అత్త అందరికీ చాయ్ పోసింది, నాకు తప్ప.

తాండూరు కందిపప్పు మీద ఒట్టు. ఎనక ఏమున్నదో చూడకుండ ప్లస్ గుర్తు ఇంకెన్నడు పెట్ట. ముఖ్యంగ, ఊరోళ్లకు ట్రాలీ ఉన్నప్పుడు.