మైనపు మెడ

జ్ఞానసుందరిది రాజాం. తండ్రి మిషన్ బడిలో పంతులు. నర్సు చదువు అయ్యాక ఆమెను పట్నంలో ఒక ఆసుపత్రిలో, కొత్తగా తెరిచిన విభాగంలో వేశారు. మెడలో థైరాయిడ్ గ్రంథి వాచినవాళ్లకు అక్కడ రేడియో అయొడిన్ కలిపిన నీళ్లు కొద్దిగా తాగించేవారు. అది గ్రంథిలో ఎంతమేర చేరిందో ఒక యంత్రం కాగితం మీద చుక్కలు చుక్కలుగా గీసేది. ఆ బొమ్మను కొలిచి, జబ్బు తగ్గడానికి ఎంత మందు తాగించాలో డాక్టరు గణపతిరావు లెక్క కట్టేవారు.

యంత్రం సరిగ్గా గీస్తోందో లేదో చూడటానికి మైనంతో పోసిన మెడ ఒకటి ఉండేది. లోపల గ్రంథి ఆకారంలో బోలు. అందులో మందు నింపి బొమ్మ తీస్తే బోలూ బొమ్మా ఒకే కొలతకు రావాలి. 1968 ఎండలకు ఆ మైనం కరిగి వంకరపోయింది. అదే రోజుల్లో యంత్రానికి మరమ్మతు జరిగింది. కొత్త మెడ వచ్చేదాకా పని ఆపుదామా అని జ్ఞానసుందరి అడిగింది.

"వరండా నిండా జనం కూర్చున్నారు. ఎలా ఆపుతామమ్మా? కానివ్వండి" అన్నారు డాక్టరు.

కొత్త మెడ వచ్చేసరికి మరుసటి ఏడు శివరాత్రి వెళ్లిపోయింది. ఆమె బొమ్మ తీసి స్కేలు పెట్టి చూసింది. బోలు కన్నా బొమ్మ వెడల్పుగా ఉంది. మళ్లీ తీసినా అంతే. గణపతిరావు తానే కొలిచి, స్కేలు బల్ల మీద పెట్టేశారు. లేని పెద్ద గ్రంథిని చూసి ఎక్కువ మందు తాగించారు. అది గ్రంథిని మొత్తంగా చంపేసి ఉంటుంది. గ్రంథి చస్తే ఒంట్లో వేడి తగ్గి మనిషి మందగిస్తాడు.

"మరమ్మతు జరిగినప్పట్నుంచీ మందు తాగినవాళ్లందరినీ పిలిపించండి. ఆపకపోవడం నా తప్పు" అన్నారు.

కార్డులు రాస్తే కొందరు వచ్చారు. రానివాళ్లలో నెల్లిమర్ల తవిటమ్మ ఒకతె. ఆమె కోసం జ్ఞానసుందరే బస్సెక్కి వెళ్లింది.

వార్డులో ఉన్నప్పుడు తవిటమ్మ చేతులు వణుకుతున్నా నోరు ఆగేది కాదు. ఇప్పుడు మిట్టమధ్యాహ్నపు ఎండలో దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుంది. మొహం ఉబ్బిపోయింది.

"ఏటి తవిటప్పా, కార్డు అందలేదా?"

ఆమె తల ఎత్తడానికే ఆలస్యమైంది. గొంతు బొంగురుగా వచ్చింది. "అందినాది. మల్లీ అంత దూరం ఎవులు తీసుకెల్తారు? సలేస్తందమ్మా. ఎండలో కూకున్నా సలే."

"ఒట్టి బద్దకం" అంది గుమ్మంలోంచి అత్త నారాయణమ్మ. "గిన్ని తోమమంటే పొద్దెక్కిపోతాది. ఆ బద్దకంతోనే కడుపులోది పోగొట్టుకున్నాది."

జ్ఞానసుందరికి ఆ మాట అప్పుడే తెలిసింది.

"బద్దకం కాదమ్మా. మా మిషను తప్పు సూపించినాది. మందు ఎక్కువైపోనాది."

"మరి కడుపులోది?" అంది తవిటమ్మ.

"దానివల్లే కావచ్చప్పా. కాదని సెప్పలేను."

తవిటమ్మ మెల్లగా అత్త వైపు తిరిగింది. "ఇన్నావా అత్తా. నా వల్ల కాదంట."

నారాయణమ్మ గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయింది.

తవిటమ్మకు బతికినంతకాలం వేసుకోవలసిన మాత్రలు మొదలుపెట్టారు. వాపు తీసింది, చలి తగ్గింది. గొంతు మాత్రం పూర్తిగా రాలేదు. మళ్లీ కడుపూ పండలేదు.

సాలూరులో లారీ క్లీనరుగా ఉండే గంగులూ ఆ మందు తాగినవాడే. అతనికి రాసిన కార్డు తిరిగొచ్చింది. జ్ఞానసుందరి లారీ షెడ్లన్నీ తిరిగి అడిగింది. మనిషి మందగించాడని పనిలోంచి తీసేశారని ఒకరు చెప్పారు. ఎటు వెళ్లాడో ఎవరికీ తెలియదు.