ఎండలో పెట్టిన సీసా: షాస్టా కొండ దగ్గర ఏడాదిలోకెల్లా పొడవైన పగలు

ఒక వారాంతం ఇంట్లో కూర్చుంటే రెండో వారాంతానికి నా కాళ్లు ఊరుకోవు. శాంటా క్లారాలో మా కింది అంతస్తులో ఉండే నీలిమకు ఈ సంగతి తెలుసు. నేనెక్కడికి బయలుదేరినా "ఫొటోలు పెట్టు" అని వదిలేస్తుంది. ఈసారి వాళ్లమ్మ కల్పించుకున్నారు. సరోజ ఆంటీ వరంగల్ నుంచి వచ్చి మూడు నెలలైంది. అమెరికాలో ఆవిడ చూసినవి గుడి, కాస్ట్‌కో దుకాణం, అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్. సమ్మర్ సోల్‌స్టిస్, అంటే ఏడాదిలో పగలు అన్నిటికన్నా పొడవుగా ఉండే రోజు, ఈసారి శనివారం పడిందనీ, ఉత్తరాన షాస్టా కొండ దగ్గర ఒకావిడ తన ఇంటి వెనక పచ్చికలో మూలికలూ స్ఫటికాలూ పెట్టి సూర్యుడికి వేడుక చేస్తుందనీ నేను చెబుతుంటే, ఆంటీ బెండకాయలు తరగడం ఆపి తలెత్తారు. "సూర్యునికేనా? మరి నన్నెందుకు తోల్కపోవు?" నీలిమకు ఆ వారాంతం ఆఫీసులో రిలీజ్ ఉంది. బయలుదేరేటప్పుడు కారు కిటికీలో తల పెట్టి, "మా అమ్మను నీకప్పజెప్తున్ననే. ఏది కనబడితే అది నోట్లె ఏసుకుంటది, జర సూస్కో," అంది. ఆంటీ సీట్ బెల్ట్ పెట్టుకుంటూ, "నేనేమన్న పసిపిల్లనా?" అన్నారు. ముగ్గురం నవ్వాం.

శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరాం. 680 హైవే మీదుగా వెళ్లి, 505 పట్టుకుని ఐ-ఫైవ్ హైవే ఎక్కితే ఆ తర్వాత కొండ కనిపించేదాకా మలుపు తిరిగే పనే లేదు. మ్యాప్ ఐదు గంటలంటుంది. శుక్రవారం ట్రాఫిక్‌తో, ఆంటీ కాఫీ విరామాలతో మాకు ఏడు పట్టింది. రెడ్డింగ్ దగ్గర పెట్రోలు కొట్టించుకుందామని దిగితే గాడ్పు ముఖానికి ఓవెన్ తలుపు తెరిచినట్టు తగిలింది. అక్కడే ఆంటీ బ్యాగంతా వెతికి, ఉన్నట్టుండి డీలా పడిపోయారు. "కొత్తిమీర ఫ్రిజ్‌లనే మర్సిపోయిన బిడ్డా."

ఆ కొత్తిమీర సంగతి చెప్పాలి. వేడుక చేసే డయాన్ ముందే ఈమెయిల్ పంపింది: వచ్చేవాళ్లందరూ తమ ఇంటి వంటలోనో వైద్యంలోనో వాడే ఆకు ఒక గుప్పెడు, తమకు ఇష్టమైన రాయి ఒకటి తెచ్చుకోవాలి. ఆంటీ నీలిమ బాల్కనీలో కుండీలో పెంచిన కొత్తిమీరను వేళ్లతో సహా తీసి, తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. దుకాణంలో కొందామంటే ఒప్పుకోలేదు. "కొన్నది ఇంటిదెట్లయితది? అందరు ఏదో ఒకటి తెస్తరు. నేను ఉత్తచేతులతోని పోవాల్నా?" మోటెల్ చేరేదాకా అదే మాట. (మోటెల్ గది పన్నులతో కలిపి నూట అరవై డాలర్లు. సోల్‌స్టిస్ వారాంతానికి నెల ముందు బుక్ చేసుకోకపోతే ఊళ్లో గది దొరకదు.)

మర్నాడు ఆంటీ కట్టిన పులిహోర మోటెల్ గదిలోనే తిని, పదకొండు దాటాక డయాన్ ఇంటికి చేరాం. ఊరి నుంచి పావుగంట, చివరి మైలు కంకర రోడ్డు. ఇంటి వెనక పచ్చిక, దాని అంచున వాగు, వాగు పైన మంచు కరగని షాస్టా కొండ. మనిషికి నలభై డాలర్లు. డెబ్భై ఏళ్లుంటాయేమో, నెరిసిన జడ ముందుకేసుకుని డయాన్ ఎదురొచ్చింది. అడవి మంటల భయంతో ఊళ్లో నిప్పు రాజేయడం నిషేధం కాబట్టి మంట వెయ్యదట. బదులుగా పెద్ద గాజు సీసాలో నీళ్లు పోసి, పుదీనా, లావెండర్ వేసి పొద్దుటే ఎండలో పెట్టింది. పన్నెండింటికి మన ఆకులు అందులో పడతాయి. రాళ్లు సీసా చుట్టూ పేర్చాలి, లోపల వెయ్యకూడదు. కొన్ని నీళ్లలో కరుగుతాయి, కొన్నిట్లో లోహాలు ఉంటాయి అని గట్టిగా చెప్పింది. ఆ తర్వాత సూర్యుడు నడినెత్తికొచ్చేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఇక్కడ గడియారం గంట ముందుకు జరిపి ఉంటుంది కనక నడినెత్తి అంటే ఒకటి దాటాకే. అప్పుడు అందరూ తలా ఒక గ్లాసు తాగాలి. మా ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించుకుని ఇంట్లో పెట్టింది.

ఫోన్ ఇచ్చే ముందు నేను కొండను ఫొటో తీస్తుంటే వెనకనుంచి ఆంటీ కేక వినిపించింది. "దొరికింది బిడ్డా!" వాగు గట్టున ఆవిడ తల మించి ఎదిగిన మొక్కల మధ్య నిలబడి ఉన్నారు. చీలికలు చీలికలుగా లేత ఆకు, గొడుగుల్లాంటి తెల్లటి పూత. పూతకొచ్చిన కొత్తిమీరను చూసినవాళ్లెవరైనా అదే అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

"ఇంత ఎత్తా ఆంటీ?"

"అమెరికాల ఏది సిన్నగున్నది సెప్పు? మీ ఉల్లిగడ్డ సూడు, నా తలకాయంత ఉంటది."

ఆవిడ ఒక గుత్తి కోసుకున్నారు. నవ్వుతూ ఆ గుత్తితో ఆవిడ ఫొటో తీశాను.

పన్నెండు మంది గుండ్రంగా కూర్చున్నాం. ఒకాయన రోజ్‌మేరీ వేశాడు, మెక్సికన్ అమ్మాయి ఒకామె ఒరెగానో వేసింది, నేను ఇంటినుంచి తెచ్చిన కరివేపాకు వేశాను. ఆంటీ తన గుత్తిని రెండు చేతులతో కళ్లకద్దుకుని సీసాలోకి జార్చారు. పసుపు సిట్రీన్లు, తెల్ల స్ఫటికాలు, నారింజరంగు సన్‌స్టోన్ల పక్కన తన వేలి పగడపు ఉంగరం తీసి పెట్టారు. డయాన్ చిన్న గంట మోగించింది. మౌనం మొదలైంది.

నాకు ఊరికే కూర్చోవడం రాదు. కళ్లు మూసుకున్నవాళ్ల ముఖాలు చూశాను, చీమల బారు చూశాను, చివరికి సీసాను చూశాను. ఎండ నేరుగా గాజులోంచి దూరుతోంది. ఆంటీ వేసిన కాడలు వెలుగులో ఆకుపచ్చ గొట్టాల్లా మెరుస్తున్నాయి. వాటి మీద ఊదారంగు మచ్చలు.

మా ఇంటి దగ్గర వాగు వెంట నేను రోజూ పరిగెత్తే దారిలో ఒక బోర్డు ఉంది. తెల్లపూల మొక్క బొమ్మ, నున్నటి కాడ మీద సిరా చిందినట్టు ఊదా మచ్చలు, కింద 'పాయిజన్ హెమ్‌లాక్, విషపు మొక్క, ముట్టుకోవద్దు'. షూ లేసు కట్టుకునేటప్పుడల్లా దాన్నే చూస్తాను. కొత్తిమీర కాడ మీద అటువంటి మచ్చలు నేనెన్నడూ చూడలేదు. కానీ బొమ్మలో చూడటం వేరు, సీసాలో చూడటం వేరు. చూసుకుందామంటే ఫోన్ లేదు. తప్పయితే పదిమంది వేడుక పాడు చేసినదాన్నవుతాను. డయాన్ లేచి గ్లాసులు వరసగా పెట్టడం మొదలుపెట్టింది. ఆమె సీసా మూత తిప్పింది.

"ఆపండి. అది తాగొద్దు," అన్నాను. మౌనంలో నా గొంతు నాకే అరుపులా వినిపించింది.

రోజ్‌మేరీ వేసినాయన కళ్లు తెరిచి, ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టలేవా అన్నట్టు చూశాడు. నేను మచ్చలు చూపించాను. డయాన్ పటకారతో ఒక కాడ పైకి తీసి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, వెంటనే దూరం జరిపింది. ఎలుకల వాసన, ఇది హెమ్‌లాకే అంది. ఆ వాసనను గుర్తుపట్టగలదట, ముందే ఆకులన్నీ తను చూసి ఉండాల్సింది అంది. ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు. గండం గడిచిందనుకుని ఆంటీ వైపు తిరిగాను.

ఆవిడ నాలుకతో పళ్ల వెనక తడుముకుంటున్నారు.

"ఆంటీ, మీరు తిన్నారా?"

"ఏంది బిడ్డా, అది కొత్తిమీర కాదా?"

"తిన్నారా ఆంటీ? నిజం చెప్పండి."

"తినలే. వాసన వస్తలేదని ఒక్క రెమ్మ నమిలి సూసిన. చేదుగుంటే ఉమ్మేసిన, పూతకొచ్చినంక గట్లనే ఉంటదనుకున్న. జరంత లోపటికి పోయిందేమో."

వంట చేసే మన ఆడవాళ్లెవరైనా చేసే పనే అది. ఆకు కోయగానే నలుపుతారు, నోట్లో వేసుకుంటారు. నేను ఫొటో తీస్తున్న సమయంలోనే ఆ పనీ అయిపోయింది. డయాన్ బుట్టలోంచి ఫోన్లు తెచ్చింది. విష ప్రమాదాల హెల్ప్‌లైన్‌లో మాట్లాడినామె నెమ్మదిగా అడిగింది: ఎంత, ఎప్పుడు, వణుకు ఉందా, చొంగ కారుతోందా, కాళ్లు బరువుగా ఉన్నాయా. వాంతి చేయించవద్దు, నోరు కడిగించి ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, దారిలో ఏ మాత్రం తేడా వచ్చినా అంబులెన్స్‌కు 911 ఫోన్ చెయ్యండి అంది.

"హాస్పిటలా? వద్దు బిడ్డా. ఈడ హాస్పిటల్ అంటే మా నీలిమ కారు అమ్ముకోవాలె."

"మీకు విజిటర్ ఇన్సూరెన్స్ ఉంది ఆంటీ. లేకపోయినా వెళ్దాం. ఎక్కండి."

కంకర రోడ్డు మీద నేను అంత భయంగా ఎప్పుడూ డ్రైవ్ చేయలేదు. వేగంగా పోతే గుంతలు, నెమ్మదిగా పోతే గడియారం. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఒళ్లో ఉన్న ఆవిడ చేతుల మీద. స్పీకర్‌లో నీలిమకు అంతా చెప్పాను. "నేనొస్తున్న. అమ్మతో మాట్లాడుతనే ఉండు. ఆమె మాట ఆగకుండ సూడు," అంది. కారు తాళాల చప్పుడు వినిపించింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

ఊళ్లో చిన్న హాస్పిటలే. విషయం చెప్పగానే లోపలికి తీసుకెళ్లారు. వేలికి క్లిప్పు, ఛాతీకి వైర్లు. దీనికి విరుగుడు మందు లేదనీ, కండరాలు, ఊపిరి గమనిస్తూ ఉండటమే చికిత్స అనీ డాక్టర్ చెప్పింది. సాయంత్రందాకా ఏమీ కాకపోతే పంపిస్తానంది. నర్సు వచ్చిపోతూ "నా వేళ్లు గట్టిగా పట్టుకోండి" అంటుంటే ఆంటీకి విసుగొచ్చింది. "గిట్లెట్ల తెలుస్తది? నాకు దారం ఇయ్యుమను." నా బ్యాగులో మేం చేరగానే డయాన్ ఇచ్చిన లావెండర్ కట్ట ఉంది. నర్సు నవ్వుతూ కట్లు కట్టే గాజుగుడ్డలోంచి దారాలు లాగిచ్చింది. ఆంటీ దిండుకు ఆనుకుని, దారం కాలి బొటనవేలికి తగిలించుకుని, మల్లెలు కట్టినట్టు లావెండర్ మాల కట్టడం మొదలుపెట్టారు. వేళ్లు తిన్నగా ఉంటే ముడి పడుతుంది. అంతకన్నా మంచి పరీక్ష ఏముంది?

నేను ఆ ముడులనే చూస్తూ కూర్చున్నాను. మూరెడు అయింది. ఎండ కిటికీలోంచి మంచం మీదికి జరిగింది. ఒకసారి ముడి జారి నాలుగు కాడలు దుప్పటి మీద రాలాయి. ఆంటీ మళ్లీ కట్టారు. మళ్లీ జారింది. నేను నర్సు బటన్ మీద వేలు పెట్టాను. ఆవిడ దారాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, "పురి ఊడిపోయింది. వేరే దారం తియ్యి," అన్నారు. కొత్త దారంతో ముడి బిగిసింది. నేను బటన్ వదలడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

డయాన్ వచ్చింది. సీసా నీళ్లు ఎవరికీ అందని చోట గోతిలో పారబోసి, వాగు గట్టున బోర్డు పాతానని చెప్పి, పగడపు ఉంగరం ఆంటీ అరచేతిలో పెట్టింది. నీలిమ ఏడున్నరకు పరిగెత్తుకుంటూ వచ్చి వాళ్లమ్మ చేతులు రెండూ పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసింది. "ఏదన్న నోట్లె ఏసుకునేటప్పుడు అడుగుతవా ఇగ?" అని ఏడ్చింది. ఆంటీ మాల ఆమె మెడలో వేసి, "అడుగుత తియ్యి," అన్నారు. ఎనిమిది కావస్తుండగా డాక్టర్ ఇంటికి పొమ్మంది. బయట పార్కింగ్ లాట్‌లోంచి చూస్తే కొండ కొన మీద మంచు ఇంకా వెలుగుతోంది. ఆంటీ చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "ఇంకా పొద్దు గూకలే."

సూర్యుడి కోసం గంటసేపు నోరు మూసుకుని కూర్చోలేక అటూ ఇటూ చూసినదాన్ని, ఆ సాయంత్రమంతా ఒక మంచం పక్కన కదలకుండా కూర్చున్నాను. స్ఫటికాలు ఏం చేస్తాయో నాకు తెలియదు. ఆ రోజు నేను నిజంగా కళ్లు పెట్టి చూసినవి సీసాలో వెలిగిన కాడలు, ఆవిడ వేళ్లు. వచ్చే ఏడూ వెళ్దామని ఆంటీయే అంటున్నారు. నీలిమ మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: సీసాలో వేసే ఆకు మీ కుండీలోదో, పేరు రాసిన దుకాణం కట్టలోదో అయి ఉండాలి. దారిలో కోసినదైతే, ఎంత తెలిసిన మొక్కలా ఉన్నా, నోట్లో వేసుకోకండి. ఉత్తచేతులతో వెళ్లినా ఎవరూ ఏమనుకోరు.