తెరకేసి చెయ్యూపిన మనిషి

మా తుపాను సహాయ సంఘానికి డ్రోన్లు బేరమాడింది నేనే. వన్ టౌన్ కొట్లలో పెరిగినవాణ్ణి కదా, కిందివాళ్లతో మాట్లాడే మైకులెందుకని తీయించేసి ధర బాగా దించాను. కాలరెగరేసుకు తిరిగాను కూడా.

డ్రోన్ జట్టు పెద్దాయనది మల్కాపురం. హెలికాప్టర్ దిగడానికి క్షేమమైన చోటు వెతికి చెప్పడం ఆయన పని. తెరమీద కనబడేవాళ్లను "జరగమ్మా" అంటూ చేత్తో పక్కకు తోయడం అలవాటు. నాకు నవ్వొచ్చేది.

ఆ రోజు నీళ్లు చుట్టుముట్టిన జాలర్ల పేటలో ఒక పిల్ల పురిటి నొప్పులు పడుతోంది. ఫోన్లు లేవు. ఉన్నది ఒక్కటే మెరక. హెలికాప్టర్‌కు కనబడాలని ఆడవాళ్లు దానినిండా చీరలు పరిచారు. దిగితే ఆ గాలికి చీరలు లేచి రెక్కలకు చుట్టుకుంటాయి.

"సీరలు తీసీండమ్మా, తీసీండి," అంటూ ఆయన తెరకేసి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. వాళ్లు డ్రోన్‌ను చూసి ఆశగా ఇంకో చీర పరిచారు.

"మైకేది బావా?" అన్నాడు, నావైపు తిరక్కుండానే.

"వద్దన్నాను."

 దిగొద్దని ఆయన హెలికాప్టర్‌కు రేడియోలో చెప్పాడు.

పడవ చేరేసరికి తల్లీ బిడ్డా పోయారు. తుపాను పొట్టన పెట్టుకుందని ఊరంతా అంది. నేను తలూపాను. లెక్క మాత్రం అది కాదు: మిగిల్చింది కాస్త డబ్బు, పోయింది ఇద్దరు, బేరం నాది.